ఇరవై నాలుగు ఎడమకాలి పెట్టెలు

అడుగు కుట్టని బూటు ఏ తరగతి సరుకు? మీలో ఎవరికీ ఈ ప్రశ్న ఎదురై ఉండదు. లారీ ఆఫీసుల్లో కొత్తగా చేరే పిల్లలకు కూడా ఇప్పుడు ఎదురు కాదు. కంప్యూటరులో సరుకు పేరు కొడితే తరగతి అదే చెబుతుందట. మా కాలంలో ఆ మాట మనిషి చెప్పాలి. చిత్తూరులో ఒక లారీ పార్సిల్ ఆఫీసులో పద్నాలుగేళ్ళ పాటు ఆ మాట చెప్పింది నేనే. అయితే ఆ కుర్చీ నాకు దక్కింది సరిగ్గా చెప్పిన తరగతి వల్ల కాదు, తప్పుగా చెప్పిన ఒక తరగతి వల్ల. దాని గురించే రాస్తున్నాను.

ఆ ఆఫీసులో నేను చేరింది గోడౌన్ ఊడ్చే పనికి, చినిగిన గోతాలు కుట్టే పనికి. నా భర్త అక్కడ హమాలీ. ఆయన పోయాక ఆ చోటు నాకిచ్చారు. బరువులు మోయలేను కాబట్టి చీపురు, దబ్బనం, పురికొస చేతికిచ్చారు. పదేళ్ళు అదే పని. తొంభైలలో మా జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే ఉద్యమం వచ్చినప్పుడు, మా కాలనీలో ఆదివారం ప్రార్థన జరిగే వరండాలోనే సాయంత్రం బడి పెట్టారు. నాకప్పుడు నలభై రెండేళ్ళు. పక్కింటి వాళ్ళ అమ్మాయి, ఇంటర్ చదివేది, పలక మీద రాసి చూపించేది. గోతాలు కుట్టిన చేయి కదా, అక్షరాలు కూడా కుట్టినట్టే రాసేదాన్ని. పెన్సిలు పెడితే కాగితం అవతలి వైపుకు దిగేది. "అత్తా, అది కాగితం, గోతం కాదు" అని ఆ పిల్ల నవ్వేది.

చదవడం వచ్చాక నా చూపు పడింది ఆఫీసు గోడ మీదున్న బోర్డు మీద. రోజూ దాని కిందే ఊడ్చేదాన్ని, అందులో ఏముందో తెలియకుండా. సరుకుల తరగతులు రాసిన బోర్డు అది. బియ్యం, బెల్లం, గాజు, మందులు, అన్నీ ఉండేవి. మాకు తమిళనాడు సరిహద్దు దగ్గర, అవతల తోలు ఫ్యాక్టరీలు ఎక్కువ, అందుకని బూట్ల సరుకు మా దగ్గర ఎప్పుడూ కదులుతూ ఉండేది. దాని లెక్క ఇలా ఉండేది. బూటు అడుగులు, మడమలు, మేకులు, బూటు కుట్టడానికి వాడే అచ్చులు ఒకటో తరగతి. బరువు సరుకు. కాటా మీద ఎంత తూగితే అంతకు బాడిగ, లారీలో అడుగున వేసినా వాటికి ఏమీ కాదు. చుట్టలుగా వచ్చే తోళ్ళు రెండోది. తయారైన బూట్లు, చెప్పులు, కుట్టి పెట్టిన బూటు పైభాగాలు మూడోది. తూకం తక్కువ, చోటు ఎక్కువ కాబట్టి టేపు పట్టి కొలిచి బాడిగ వేస్తారు, అన్నింటికీ పైన పేరుస్తారు. కత్తిరింపు ముక్కలు, పనికిరానివి నాలుగో తరగతి. తుక్కు. దాని బాడిగ అన్నింటికన్నా తక్కువ, దాని మీద ఏం వేసినా అడిగేవాళ్ళు ఉండరు.

అంటే తరగతి అనేది బాడిగ ఒక్కటే కాదు. సరుకు లారీలో ఎక్కడ కూర్చోవాలో, ఎంత మర్యాదగా ప్రయాణం చేయాలో కూడా అదే చెబుతుంది.

తరగతి వేసే పని మా గుమాస్తాది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడు. చెవిలో పెన్ను, నోట్లో వక్క, ముఖాన ఎప్పుడూ చిరాకు. కానీ అంత శుద్ధమైన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. సరుకు పంపే పార్టీ వాళ్ళు టీ తెప్పిస్తే తాగేవాడు కాదు. "టీ కడుపులోకి పొయ్యి తరగతి మారస్తాదక్కా" అనేవాడు. నేను బోర్డు కింద నిలబడి గొణుక్కుంటూ చదువుతుంటే ఒకరోజు పట్టుకున్నాడు.

"ఏందక్కా, కలెక్టరు పరీచ్చ రాస్తాండావా?"

"నువ్వు లీవు పెడితే కూచుందామని సారూ."

ఆ మాటకు పెద్దగా నవ్వాడు. కానీ మర్నాటి నుంచి, పని ఎక్కువున్నప్పుడు లోడింగు చీటీలు నాచేత రాయించడం మొదలుపెట్టాడు. హమాలీలు చూసి ఎక్కించుకోవడానికి రాసే చిన్న కాగితాలు అవి. సరుకు పేరు, పెట్టెల లెక్క, తరగతి. ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. సాయంత్రం ఆ చీటీలు చూసి ఆయన లారీ రసీదులు ఇంగ్లీషులో నింపేవాడు. తర్వాత చీటీలు తీగకు గుచ్చేవాడు. పైవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఒప్పుకోరు కూడా.

రాస్తూ రాస్తూ నేను ఆయన చెప్పకముందే తరగతి పట్టడం నేర్చుకున్నాను. పెట్టెను రెండు చేతులా కొంచెం ఎత్తి, మోకాలితో ఒక తట్టు తడితే చాలు. అడుగులైతే ముద్దగా పలుకుతుంది. అచ్చులైతే గడగడమంటుంది. బూట్ల జతలైతే పెట్టె ఊపిరి పీల్చినట్టు ఉంటుంది, సగం గాలే కాబట్టి. "గాలికి గూడా బాడిగ తీసుకునే ఆఫీసు ఇదొకటేప్పా" అని మా హమాలీల మేస్త్రి ఎకసెక్కాలాడేవాడు.

ఇక ఆ రోజు. మామిడి కాలం. బంగారుపాళ్యం వైపు నుంచి మామిడి గుజ్జు డబ్బాలు మా మీదికి వరదలా వచ్చి పడేవి. రెండు లారీలు ఒకేసారి వాకిట్లో ఉన్నాయి. గుమాస్తా కాటా దగ్గర డబ్బాల తూకంలో మునిగిపోయి ఉన్నాడు. అప్పుడు ఒక ఆటోలో ఇరవై నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి. బూట్ల పైభాగాలు కుట్టే చిన్న యూనిట్ ఒకటి ఊరి బయట ఉండేది, నలభై మంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. అక్కడి మనిషి "బూటు పార్టులు" అని ఒక్క మాట చెప్పి, పెట్టెలు దించేసి, అదే ఆటోలో వెళ్ళిపోయాడు.

గుమాస్తా అక్కడి నుంచే కేకేశాడు. "అక్కా, నువ్వే సూసి తరగతి యేసి సీటీ రాసెయ్. సాయంత్రం నేను రసీదులో ఎక్కించుకుంటా."

నా అంతట నేను తరగతి వేయడం అదే మొదటిసారి. ఎంత శ్రద్ధగా చేశానో చెబితే నవ్వుతారు. ప్రతి లాటులో ఒక పెట్టె విప్పి చూడాలని నియమం. నేను మూడు విప్పాను. లోపల తోలు పైభాగాలు, అడుగులు లేవు. అంతవరకూ సరే, అలాంటివి ఇంతకుముందు చూశాను. కానీ అప్పుడు జత జతగా దారం కట్టి వచ్చేవి. వీటిలో జతలు లేవు. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. అన్నీ ఎడమకాలివే. మూడు పెట్టెల్లోనూ ఒక్క కుడికాలిది లేదు. పైగా ఒక్కొక్కదాని మీద సుద్దతో అడ్డగీత.

మేస్త్రిని పిలిచాను. "అన్నా, ఒంటికాలి బూట్లు యాడన్నా కొంటారా?"

అతను ఒకటి తీసి అటూ ఇటూ చూశాడు. "కొంగలకు అమ్ముతారేమోమ్మే. అది ఒంటికాలి మీదే గదా నిలబడేది."

నాకు అర్థమైపోయింది అనుకున్నాను. అడుగు లేదు, జత లేదు, మీద కొట్టివేత గీత ఉంది. ఫ్యాక్టరీ కాదన్న సరుకు. చీటీ మీద "తుక్కు తోలు, 24 పెట్టెలు, నాలుగో తరగతి" అని రాసి, రాసినదాన్ని కాసేపు చూసుకున్నాను. నా సొంత బుద్ధితో రాసిన మొదటి మాట అది. మేస్త్రి చీటీ చూసి, పెట్టెలు లారీ అడుగున పరిచి, వాటి మీద మామిడి గుజ్జు డబ్బాలు పేర్పించాడు. సాయంత్రం గుమాస్తా చీటీ చూసి రసీదు నింపాడు. నా మీద అంత నమ్మకం కుదిరింది ఆయనకు.

నాలుగో రోజు ఆ యూనిట్ యజమాని వచ్చాడు. బల్ల మీద ఒక బూటు పైభాగం పెట్టాడు. అప్పడంలా అణిగిపోయి ఉంది. మడతల్లో గుజ్జు ఎండి పసుపుపచ్చగా పట్టుకుంది.

"నా ఎడమకాళ్ళన్నీ సంపేసినారు గదప్పా" అన్నాడు.

ఆయన చెబుతుంటే గోడ పక్కన చీపురుతో నిలబడి విన్నాను. అంతకుముందు రెండుసార్లు దారిలో ఎవరో పెట్టెలు కోసి సరుకు దొంగిలించారట. అందుకని ఈసారి ఎడమవన్నీ ఒక లారీలో, కుడివన్నీ మరుసటి రోజు ఇంకో ఆఫీసు లారీలో పంపించాడు. ఒంటికాలిది ఎత్తుకుపోయి దొంగ ఏం చేసుకుంటాడు? ఎవరికీ తెలియకూడదని ఎవరికీ చెప్పలేదు. సుద్ద గీత తనిఖీ అయినట్టు గుర్తు. కుడికాళ్ళు మాత్రం క్షేమంగా చేరాయి. ఎడమలు లేక అవి కూడా ఎందుకూ పనికిరాకుండా కూర్చున్నాయి.

గుమాస్తా రసీదు తీసి చూశాడు. తుక్కు, నాలుగు. ఆయన దస్తూరీ. తలెత్తి ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత యజమానితో "రాసింది నేనే సామీ, పొరపాటైంది" అన్నాడు.

యజమాని వెళ్ళాక నేను గుమాస్తా దగ్గరికి పోయాను. "సారూ, అట్ల సెప్తివేంది? రాసింది నేను గదా."

"నోరు మూసుకో అక్కా. నువ్వని సెప్తే ఈ పూటే గేటు బయట ఉంటావు. నాకైతే ఒగ మెమో ఇస్తారు. పోతాది."

పోలేదు. యజమాని పెద్దాఫీసుకు ఫిర్యాదు రాశాడు. అక్కడివాళ్ళు దాన్ని తిప్పి చదివారు. మూడో తరగతి సరుకును నాలుగులో వేశారంటే, పార్టీ మనిషీ గుమాస్తా కలిసి బాడిగ తేడా పంచుకున్నారని వాళ్ళ అనుమానం. వారం తిరక్కముందే పెద్దాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు. కోస్తా మనిషి, ఇస్త్రీ చొక్కా, సన్నటి గొంతు. పెద్దగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎంత తీసుకున్నావయ్యా?"

"నేను ఏమీ తీసుకోలేదు సార్."

"మరి మూడో తరగతి సరుకు నాలుగులోకి ఎలా వచ్చింది? మెట్లు దిగి వచ్చిందా?"

టీ కూడా తాగని మనిషి ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. పదిహేడేళ్ళ నౌకరీ ఆయనది. పోతే ఉద్యోగం ఒక్కటే పోదు. చిత్తూరులో లారీ ఆఫీసులన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. లంచం తిన్నాడన్న మాట సాయంత్రానికి ఆ చివరి దాకా పోతుంది.

"సాయంత్రం రిపోర్టు రాసేస్తాను. గోడౌన్ తాళాలు ఇక్కడ పెట్టు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గుమాస్తా మొలకున్న తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ చప్పుడుకు నా కాళ్ళు కదిలాయి.

"సార్, ఆ తరగతి యేసింది నేను."

ఆయన తల తిప్పాడు. "నువ్వెవరమ్మా?"

"ఈడ ఊడ్సేదాన్ని సార్."

"ఊడ్చే మనిషివి తరగతి వేయడమేంటి? రసీదు ఇతని దస్తూరీలో ఉంటేనూ." గుమాస్తా వైపు వేలు చూపించాడు. "ఇలా చెప్పమని నీకెంత ఇస్తానన్నాడు?"

వెనక నుంచి మేస్త్రి నా కొంగు పట్టి లాగాడు. "ఊరకుండుమ్మే, ఉన్న పని గూడా పోతాది." గుమాస్తా కూడా తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను గోడ దగ్గరికి పోయి చీటీల తీగ కిందికి దించాను. రెండు వారాల చీటీలు దాని మీద ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి, తేదీ చదివి, కింద పెట్టుకుంటూ పోయాను. నా జీవితంలో అందరి ముందూ చదవడం అదే మొదలు. చివరికి దొరికింది. తెచ్చి బల్ల మీద పెట్టాను.

"రసీదుకు ముందు ఇది రాస్తారు సార్. ఇది సూసే ఆ సారు ఎక్కించినాడు. ఇది నా రాత."

"నీ రాతే అని ఎలా నమ్మమంటావు?"

"రాపిచ్చుకోండి సార్."

ఆయన ఆ చీటీ పట్టుకుని లేచి గోడౌన్‌లోకి నడిచాడు. ఒక కాగితం, పెన్సిలు నా చేతికిచ్చి, కనబడిన సరుకల్లా చూపిస్తూ "దీనికి రాయి" అన్నాడు. తోలు చుట్టలకు రెండు రాశాను. చెప్పుల పెట్టెలకు మూడు. మూలన చిన్న రేకు డబ్బాలు వేరుగా పెట్టి ఉన్నాయి. "అవి?" అన్నాడు. "అది బూట్లు అతికించే జిగురు సార్. నిప్పు దగ్గరికొస్తే భగ్గుమంటాది. దాన్ని తోలుతో కలిపి ఎక్కించకూడదు" అన్నాను. ఒక గోతం మీద సరిహద్దు అవతలి చెప్పుల ఫ్యాక్టరీ గుర్తు ఉంది. దాన్ని చూసి ఆయనే "ఇది కూడా చెప్పులే కదా, మూడు రాయి" అన్నాడు.

నేను గోతం అంచు ఎత్తి మోకాలితో ఒకసారి తట్టాను. "కాదు సార్. ఒకటి. లోపల మడమలు, చెక్కవి."

విప్పించాడు. చెక్క మడమలు బొలబొలమని కింద పడ్డాయి. మేస్త్రి గట్టిగా దగ్గాడు, నవ్వు ఆపుకోవడానికి.

ఇన్‌స్పెక్టరు నేను రాసిన కాగితాన్నీ ఆ చీటీనీ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత రెండింటినీ బోర్లా వేసి, వెనక వైపు బొటనవేలితో తడిమాడు. అక్షరాలు రెండు కాగితాల వెనకా ఒకేలా ఉబ్బి ఉన్నాయి. అంతగా అదిమి రాసే చేయి ఆ వీధిలో ఇంకొకటి లేదు.

"ఇంత తెలిసినదానివి, ఆ ఒక్కటి ఎందుకు తప్పావు?"

"మూడు పెట్టెలు విప్పినాను సార్. అన్నీ ఎడమకాలివే. అడుగుల్లేవు. మీద సుద్ద గీత. అడుగుదామంటే పార్టీ మనిషి ఎలబారిపాయ. మీరైతే ఏం రాసుంటారు?"

అడిగాక భయమేసింది. ఆయన చీటీని మళ్ళీ చేతిలోకి తీసుకుని చదువుతున్నాడు. మేస్త్రి ఉండబట్టలేక "కొంగలకేమో అనుకున్నాం సార్" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. బల్ల దగ్గరికి వచ్చి తాళాలగుత్తి గుమాస్తా వైపు జరిపాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగి, నా వైపు చూడకుండానే, "తుక్కనే రాసి ఉండేవాణ్ణేమో" అన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా ఆ బూట్ల యూనిట్‌కు పోయాను. నలభై మందీ ఆదివారం కూడా వచ్చి ఎడమకాళ్ళు మళ్ళీ కుడుతున్నారు. వాటిని నలిపించింది నేనేనని చెప్పాను. ఒకామె మిషను ఆపి, "ఓహో, నువ్వేనా మా సెలవు మింగిన మహాతల్లివి?" అంది. ఇంకొకామె ఒక చిన్న కత్తెర నా చేతిలో పెట్టి, "నిలబడి సూస్తావేంది, దారాలు కత్తిరించు" అంది. పొద్దు వాలేదాకా కత్తిరించాను. ఆ మరుసటి ఆదివారం కూడా పోయాను. ఆ రెండు రోజుల్లో బూటు పైభాగం గురించి నేర్చుకున్నది ఏ బోర్డు మీదా లేదు. ఆ తర్వాత వాళ్ళ పెట్టెలు వచ్చినప్పుడల్లా యజమాని నా దగ్గరికి వచ్చి, చెవిలో "ఈ పొద్దు కుడి" అనో "ఈ పొద్దు ఎడమ" అనో చెప్పి పోయేవాడు.

నెల తర్వాత పెద్దాఫీసు నుంచి ఒక కవరు వచ్చింది, నా పేరు మీద. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అదే. కింది సిబ్బందికి ఇచ్చేవి తెలుగులోనే టైపు చేసేవాళ్ళు. గుమాస్తా చదివి పెడతానన్నాడు. వద్దని, వాకిట్లో గోతాల కట్ట మీద కూర్చుని రెండుసార్లు చదివాను. సదరు పొరపాటు చదువు రానందువల్ల జరిగినదిగా భావించి, దయతో మెమోతో సరిపెడుతున్నామని, ఇకపై నేను ఊడ్చే పని తప్ప మరేదీ ముట్టరాదని ఉంది.

"బతికిపోతివక్కా" అన్నాడు గుమాస్తా. "సంతకం పెట్టి పంపించెయ్."

"ఇందులో తప్పుండాది సారూ."

"యాడ?"

"సదువు రాక అని రాసినారు."

"రాసుకోనీలే. దాంతోనే గదా నువ్వు బైటపడింది. కదిలించినావంటే మళ్ళీ మొదటికొస్తాది."

ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ మాట కాగితం మీద ఉంటే, ఆ వరండా, ఆ పలక, ఆ పిల్ల నేర్పిన సాయంత్రాలు అన్నీ అబద్ధమైపోతాయి. ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని జవాబు రాశాను. నాలుగే వాక్యాలు. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు: "అయ్యా, మీ మెమో నేనే చదువుకున్నాను. చదువు రాక తప్పు జరగలేదు, చదువు వచ్చి నేనే రాశాను. ఎడమకాళ్ళు విడిగా పంపుతారని తెలియక తప్పు జరిగింది. కాబట్టి ఆ మాట తీసివేసి, తప్పు మాత్రం నా పేరున ఉంచగలరు."

పోస్టు డబ్బాలో నేనే వేసి వచ్చాను. రెండు వారాలు గుమాస్తా నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత రెండో కవరు వచ్చింది. ఇన్‌స్పెక్టరు నా జవాబు చదివి చేసిన సిఫారసు మీద నన్ను సరుకు తనిఖీ పనికి మార్చినట్టు అందులో ఒక కాగితం. దాన్ని చూసి గుమాస్తా, మేస్త్రి ఎగిరినంత పని చేశారు. మిఠాయి ఎవరు తెప్పించాలని వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే, కవరులో ఉన్న రెండో కాగితం నేను తీసి చదివాను. మెమోలో "చదువు రానందువల్ల" అనే మాటలు కొట్టివేయడమైనదని, తక్కిన మెమో యథాతథంగా ఉంటుందని ఉంది.

గుమాస్తా దాన్ని నా చేతిలోంచి తీసుకుని చదివి పెదవి విరిచాడు. "ఏం సాధించినట్టక్కా? మెమో అట్నే ఉండాది గదా."

"ఉండనీ సారూ," అన్నాను. "ఇప్పుడది నాది."